ఇంగువ పరీక్ష

2020 జూన్ 13న కేంద్ర ఆరోగ్య శాఖ కరోనా లక్షణాల జాబితాలో వాసన, రుచి తెలియకపోవడాన్ని కూడా చేర్చింది. అందరికీ అదొక వార్త. రిటైరై ఖాళీగా ఉన్న మా బాబాయికి మాత్రం అది కొత్త ఉద్యోగం.

ఖాళీ అన్నానే గానీ, అప్పటికే చేతినిండా పనుంది. విజయవాడలో ఆ ఫ్లాటులో అందరికంటే ముందు నిద్రలేచేది టీవీ. కరోనా వార్తలు రోజుకు ఒకటి రెండుసార్లు చూస్తే చాలు, మించితే ఆందోళన పెరుగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్చిలోనే చెప్పింది. బాబాయి ఆ మాట జవదాటలేదు. పొద్దున ఒకసారి పెట్టేవాడు, రాత్రి ఒకసారి కట్టేవాడు. మధ్యలో హెల్త్ బులెటిన్ రాగానే పాత డైరీ తీసి, జిల్లాలవారీగా కేసులు ఎక్కించి, కింద కూడిక వేసి, ప్రభుత్వం లెక్కతో సరిపోయిందో లేదో చూసుకునేవాడు. ఆడిట్‌లో పనిచేసిన చెయ్యి, ఊరుకోదు. కేసులు పెరిగినా ఫర్వాలేదు గానీ కూడిక తప్పితే మాత్రం ఆ పూట అన్నం సహించేది కాదు.

రాత్రిళ్లు ఇంకో వరస. పది సెకన్లు ఊపిరి బిగబట్టగలిగితే కరోనా లేనట్టేనని వాట్సాప్‌లో ఒక ఫార్వర్డు తిరిగేది. అది ఉత్తదని డాక్టర్లు నెత్తీ నోరూ బాదుకున్నా బాబాయి రాత్రి రెండింటికి లేచి కూర్చుని బిగబట్టేవాడు. తొమ్మిది అంకె దగ్గరికొచ్చేసరికి పిన్ని ఉలిక్కిపడి లేచి "ఏవండీ, ఏమైందండీ?" అనేది. జవాబు చెప్పాలంటే ఊపిరి వదలాలి. పరీక్ష తప్పినట్టే. దాంతో గుండె దడ. దడతో ఆయాసం. ఆయాసం ఎలాగూ జాబితాలో ఉంది. ఆక్సీమీటర్ పెడితే 98.

"ఈ మిషన్ సరిగా లేదు."

పిన్ని వేలికి పెడితే అక్కడా 98.

"నీది ఆషాఢం గోరింటాకు వేలు. లెక్కలోకి రాదు."

తెల్లారాక, రాత్రి నిద్రలేదు కాబట్టి కాఫీ మీద కాఫీ. కాఫీలు తాగాడు కాబట్టి మళ్లీ రాత్రి నిద్రుండదు. మధ్యలో మిరియాల కషాయం, దానివల్ల కడుపులో మంట, ఆ మంట జాబితాలో ఉందో లేదోనని మళ్లీ ఫోను. వర్క్ ఫ్రమ్ హోమ్ పేరుతో మార్చి నుంచీ వాళ్లింట్లోనే ఉండిపోయిన నేను ఇదంతా చూస్తూనే ఉన్నాను. ఆయనకి ఒంట్లో ఏ జబ్బూ లేదు. దినచర్యే జబ్బుగా తయారైంది.

వాసన సంగతి జాబితాలోకి ఎక్కాక, పళ్లు తోముకోగానే వంటింట్లోకి వచ్చి ఇంగువ డబ్బా వాసన చూడటం మొదలైంది. ఇంగువే ఎందుకంటే, "మల్లెపూలైతే రాకపోయినా వచ్చినట్టు అనిపిస్తుంది. ఇంగువ దగ్గర ఆ మొహమాటం లేదు" అన్నాడు. నిజమే కదా అనిపించింది.

ఒకరోజు ఇంగువ అయిపోయింది. సందు చివర కిరాణా కొట్టు కుర్రాడు మాకొకటి, ఎదురు ఫ్లాట్ మాస్టారి గారింటికొకటి ప్యాకెట్లు తెచ్చిచ్చాడు. పిన్ని రాత్రే దాన్ని కొత్త స్టీలు డబ్బాలో పోసింది. పొద్దున నేను మీటింగులో ఉండగా వంటింట్లోంచి సన్నగా కేక వినపడింది.

"రావట్లేదు!"

"ఏం రావట్లేదండీ?"

"దగ్గరికి రాకు!"

చేతిలో డబ్బాతో బాబాయి గోడకి ఆనుకుని ఉన్నాడు. ముక్కు మీద తెల్లగా ఇంగువ పొడి. అంత లోపలికి పెట్టి చూశాడన్నమాట. వెంటనే మాస్టారికి ఫోన్ చేశాడు. ఆయన లెక్కల మాస్టారు, ఏదీ ఊరికే నమ్మరు. "ఉండండి, నేనూ చూస్తాను" అని వెళ్లి, చాలాసేపటికి వచ్చి, గొంతు తగ్గించి "బావగారూ, నాకూ రావట్లేదండీ" అన్నారు.

గంటలోపల ఇద్దరూ మేడ మీదికి తరలిపోయారు. వాచ్‌మన్ మార్చిలోనే సొంతూరు వెళ్లిపోవడంతో అతని గది బాబాయికి, నీళ్ల ట్యాంకు అవతల రేకుల షెడ్డు మాస్టారికి. పైకెళ్లిన వస్తువు కిందికి రాకూడదు, కిందినుంచి విస్తట్లో భోజనం తప్ప ఏదీ పైకి రాకూడదని బాబాయే రూలు పెట్టాడు. ఆ హడావిడిలో ఛార్జర్ కిందే మరిచిపోయాడు. సాయంత్రానికి ఫోను చచ్చిపోయింది. రూలు రూలే.

మధ్యాహ్నం మాస్టారి భార్య పిన్నికి ఫోన్ చేశారు. "వదినగారూ, పప్పుచారులో పోపు పెడితే నాకూ ఇంగువ వాసన రాలేదు. కర్పూరం వస్తోంది, అగరొత్తి వస్తోంది, కాఫీపొడి వస్తోంది. నేనూ పైకి పోవాలంటారా?"

కొట్లో దొరికే ఇంగువలో పిండీ జిగురూ కలపడం మామూలే. అసలు సరుకు అఫ్గానిస్థాన్, ఇరాన్‌ల నుంచి రావాలి. మన దేశంలో ఆ మొక్క నాటే పని మొదలైందే ఆ ఏడాది అక్టోబరులో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో. మా ప్యాకెట్లో మాత్రం పిండి కలిపారు గానీ ఇంగువ కలపడం మరిచిపోయారు.

నేను మెట్ల వైపు పరుగెత్తబోయాను. పిన్ని చెయ్యి పట్టుకుంది.

"కూర్చోరా. ఆ చప్పుడు వినపడుతోందా?"

"ఏం చప్పుడు పిన్నీ?"

"ఫ్యానుది. మన ఫ్యాను ఇంత చప్పుడు చేస్తుందని మార్చి తర్వాత ఇవాళే తెలిసింది. రేపు చెబుదాంలే."

పైన ఏమైందంటే, మొదటి గంట ఇద్దరూ ఆరడుగుల దూరంలో కూర్చుని లక్షణాలు చెప్పుకున్నారట. అవి అయిపోయాయి. కొత్త అంకెలు చెప్పేవాళ్లు లేరు. ఇక మాటలు 2016 కృష్ణా పుష్కరాల మీదికి, అక్కణ్ణుంచి మాస్టారి పెళ్లిలో పప్పు మాడిన కథ మీదికి వెళ్లాయి. ఏళ్ల తరబడి లిఫ్టులో తలూపుకోవడమే తప్ప వాళ్లెప్పుడూ మాట్లాడుకున్నది లేదు. సాయంత్రం ట్యాంకు చుట్టూ నడక, నీరెండ. కాఫీ విస్తట్లో పంపలేం కాబట్టి అదీ బంద్. రాత్రి తొమ్మిదిన్నరకే మడత మంచం ఎక్కాడు. మాది పై అంతస్తు కాబట్టి గురక మా హాల్లోకి వినపడింది. పిన్ని పైకి చూసి దణ్ణం పెట్టుకుంది.

మర్నాడు సాయంత్రం నేను మెట్ల మీదే నిలబడి అసలు సంగతి చెప్పాను. బాబాయి మొహం వెలుగుతుందనుకుంటే మాడిపోయింది.

"సరుకు నకిలీ అని ఎవరు తేల్చారు? కాగితం మీద ఉందా?"

"పిన్ని కొత్తది తెప్పించి చూసింది బాబాయ్. కంపు కొడుతోంది."

"అది మీ పిన్ని ముక్కు. మా ముక్కుల సంగతి తేలొద్దూ? 14 రోజులంటే 14 రోజులే. ఏమంటారు మాస్టారూ?"

"మధ్యలో లేస్తే లెక్క చెడుతుందండీ" అన్నారు మాస్టారు, షెడ్డులోంచి.

ఈ మాట చెప్పగానే పిన్ని "అలాగే ఉండమను" అని ఎదురింటి తలుపు కొట్టింది. అసోసియేషన్ వాళ్లు పనమ్మాయిల్ని రానివ్వక నాలుగు నెలలైంది. కాసేపటికి రెండిళ్ల అంట్లూ ఒక పెద్ద గంగాళంలో, పైన సబ్బూ పీచుతో సహా మేడెక్కాయి. మోసింది నేనే. "ట్యాంకు పక్కనే ఉన్నారుగా, నీళ్లకి లోటేం లేదని చెప్పు" అంది పిన్ని.

రూలు గుర్తుచేయబోయి బాబాయి నా మొహం చూసి ఆగిపోయాడు. మాస్టారు తోముతానన్నారు, బాబాయి కడుగుతానన్నాడు. మొదలుపెట్టేముందు గిన్నెలన్నీ రెండిళ్లవీ వేరుచేసి లెక్కపెట్టి, మనవాటిలో గరిటె ఒకటి ఎక్కువొచ్చిందని కిందికి కేకేశాడు.