దక్షిణాది ‘దొరసాని వంటలు’ వండిన చేతులు ఎవరివి?

అమెరికా దక్షిణ రాష్ట్రాల పాతకాలపు వంటల గురించి ఒక వాదన ఎక్కడ చూసినా కనిపిస్తుంది. టూరిస్టు కరపత్రాల్లో, వంట పుస్తకాల అట్టల మీద, ఫేస్‌బుక్ పోస్టుల్లో అదే మాట. వర్జీనియా, కరోలినా ప్లాంటేషన్ల (బానిసలతో పంటలు పండించిన పెద్ద తోటల) దొరసానులు తమ అమ్మల దగ్గర, అమ్మమ్మల దగ్గర నేర్చుకున్న వంటలను నోటు పుస్తకాల్లో రాసిపెట్టారట, అవే ఇవాళ్టి దక్షిణాది వంటలయ్యాయట. ఆఫ్రికా మూలాలున్న నల్లజాతి బానిసలు ఆ దొరసానులు చెప్పినట్టు గరిటె తిప్పారంతేనట. వంటవాళ్లను ఇంట్లో మనుషుల్లాగే చూసుకున్నారట. వంట నిజంగా బానిసలదే అయితే వాళ్లు రాసిన పుస్తకాలేవి అని చివర్లో ఒక ప్రశ్న. అట్లాంటా, షార్లెట్ వైపు ఉండే మన తెలుగువాళ్లు కూడా ప్లాంటేషన్ చూసొచ్చి ఫొటోల కింద ఇదే రాస్తుంటే బాధేస్తోంది. ఇందులో ఒక్కో మాటనీ పట్టి చూడాలి.

‘వంటలు దొరసానులవి, రాసింది వాళ్లే.’

రాసింది వాళ్లే, అందులో అబద్ధం లేదు. 1824లో మేరీ రాండాల్ఫ్ ‘ది వర్జీనియా హౌస్‌వైఫ్’ అచ్చు వేసింది. 1847లో సౌత్ కరోలినాలోని చార్ల్‌స్టన్‌కు చెందిన సారా రట్లెడ్జ్ పేరు వేసుకోకుండానే ‘ది కరోలినా హౌస్‌వైఫ్’ తెచ్చింది. రెండూ బానిసలు వంట చేసిన ఇళ్లలోంచి వచ్చిన పుస్తకాలే. అలాంటి ఇళ్లలో పని ఎలా జరిగేదో చెప్పిన మనిషి ఒకాయన ఉన్నాడు. తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన థామస్ జెఫర్సన్ ఇంట్లో బానిసగా పుట్టిన ఐజాక్ గ్రేంజర్, 1847లో తన జ్ఞాపకాలు చెప్పి రాయించాడు. జెఫర్సన్ భార్య వంట పుస్తకం చేత్తో పట్టుకుని వంటింట్లోకి వచ్చి, కేకులు, టార్టులు ఎలా చేయాలో ఐజాక్ తల్లి అర్సులాకు చదివి వినిపించేదని ఆయన చెప్పాడు. అంటే చదివింది దొరసాని, చేసింది అర్సులా. అప్పటి వంట పుస్తకాల్లో ఇన్ని డిగ్రీలు, ఇన్ని నిమిషాలు అని ఉండేది కాదు. కట్టెల పొయ్యిలో వేడి ఎంతుందో చెయ్యి పెట్టి చూసుకోవాలి, పిండి ఎప్పుడు కుదిరిందో వేళ్లకే తెలియాలి. చదివి వినిపించిన నాలుగు వాక్యాలు తినే వస్తువుగా మారేది ఆ చేతుల్లోనే. ఇక అర్సులా సొంతంగా వండినవాటిని రాసిపెట్టడానికి ఎవరూ పుస్తకం పట్టుకుని రాలేదు.

‘వంట యూరప్ నుంచి వచ్చింది, బానిసలకు నేర్పారు.’

యూరప్ నుంచి వచ్చినవి ఉన్నాయి, కాదనను. కానీ పై రెండు పుస్తకాలే తిరగేయండి. బెండకాయ కూర, బెండకాయ సూపు, నువ్వుల సూపు, వేరుశనగ సూపు, అలసందల జాతి ఎర్ర గింజలతో చేసిన అన్నం. ఇంగ్లండ్ అమ్మమ్మలు వీటిలో ఏది వండారు? బెండ, అలసంద ఆఫ్రికా పంటలు. నువ్వులు, వేరుశనగ మొదట ఎక్కడివైనా ఈ తోటల్లోకి ఆఫ్రికా దారిలోనే, బానిసల పెరటి మళ్లలోంచే వచ్చాయి. (మన వంటింట్లో ఉన్న బెండ, అలసంద, జొన్న కూడా ఎప్పుడో ఆఫ్రికా నుంచి వచ్చి మనవైపోయినవే. అందుకే ఈ వంటలు చూస్తే మనకు అంత పరాయిగా అనిపించవు.)

‘హాపిన్ జాన్’ సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. కొత్త సంవత్సరం రోజున దక్షిణాదిలో తప్పకుండా వండుకునే వంటకం ఇది. సారా రట్లెడ్జ్ 1847 పుస్తకంలో ఉన్న పద్ధతి: ముందు ఎర్ర గింజలు ఉడకబెట్టాలి, సగం ఉడికాక పంది మాంసం వెయ్యాలి, గింజలు మెత్తబడ్డాక కడిగి రాళ్లు గాలించిన బియ్యం పొయ్యాలి, అరగంట ఉడికాక గిన్నె మంట మీంచి దించి నిప్పుల మీద పెట్టి మగ్గనివ్వాలి. గింజ విడివిడిగా ఉండేలా అన్నం వండటం తెలిసినవాళ్లు ఏర్పరచుకున్న పద్ధతి ఇది. వరి పండని ఇంగ్లండ్ నుంచి వచ్చిన వలసదారులకు ఈ పద్ధతి ఎవరు నేర్పి ఉంటారు? పశ్చిమ ఆఫ్రికాలో సెనెగాంబియా (ఇవాళ్టి సెనెగల్, గాంబియా ప్రాంతం) నుంచి సియెర్రా లియోన్ దాకా ఉన్న తీరంలో అప్పటికే వందల ఏళ్లుగా వరి పండిస్తున్నారు. చార్ల్‌స్టన్ వ్యాపారులకు ఆ సంగతి బాగా తెలుసు. ‘వరి తీరం’ నుంచి తెచ్చిన మనుషులు అని పేపర్లో ప్రకటన వేసి మరీ అమ్మారు. కరోలినా తోటల్లో వడ్లు దంచింది చెక్క రోట్లో రోకళ్లతో, చెరిగింది గడ్డితో చుట్టి అల్లిన ఆఫ్రికా తరహా చేటలతో. ఆ అల్లిక పనివాళ్ల వారసులు ఇవాళ్టికీ చార్ల్‌స్టన్ వీధుల్లో గడ్డి బుట్టలు అల్లి అమ్ముతున్నారు.

‘ఫ్రెంచి వంటలు మాత్రం జెఫర్సన్ తెచ్చినవే.’

తెచ్చిన మాట నిజం, తన తలలో కాదు, తన బానిస జేమ్స్ హెమింగ్స్ చేతుల్లో. 1784లో జెఫర్సన్ పారిస్ వెళ్తూ పంతొమ్మిదేళ్ల జేమ్స్‌ను వెంట తీసుకెళ్లి అక్కడి వంటగాళ్ల దగ్గర పెట్టాడు. 1787కల్లా పారిస్‌లో జెఫర్సన్ ఇంటి వంటశాలకు అతనే ప్రధాన వంటగాడు. తిరిగొచ్చాక స్వేచ్ఛ ఇవ్వడానికి జెఫర్సన్ 1793లో రాతపూర్వకంగా పెట్టిన షరతు: తాను చూపించిన మనిషికి ఆ విద్యంతా నేర్పాలి. తమ్ముడు పీటర్‌కు నేర్పి జేమ్స్ 1796లో స్వేచ్ఛ పొందాడు. తమ్ముడు బానిసగానే మిగిలాడు. ఆ ఇల్లు విడిచి వెళ్లే ముందు జేమ్స్ తన చేత్తో రాసిన వంటసామాన్ల జాబితా ఇప్పటికీ ఉంది. మెకరోనీ, ఐస్‌క్రీమ్ పేరెత్తగానే జెఫర్సన్ పేరు చెప్పేవాళ్లు ఈ పేరు చెప్పకపోవడం నాకు అన్నిటికన్నా కోపం తెప్పించే విషయం. ప్రెసిడెంట్ అయ్యాక జెఫర్సన్ ఇంట్లో ఫ్రెంచి వంట నేర్చుకుని, తర్వాత వర్జీనియాలో అతని సొంత ఎస్టేటు మాంటిచెల్లో వంటింటిని నడిపినవాళ్లు ఈడిత్ ఫాసెట్, ఫ్యానీ హెర్న్. వాళ్లూ బానిసలే. 1824లో అక్కడ భోంచేసిన రాజకీయ నాయకుడు డేనియల్ వెబ్‌స్టర్ సగం వర్జీనియా, సగం ఫ్రెంచి పద్ధతి అని మెచ్చుకున్న వంట ఈ ఆడవాళ్లది. జెఫర్సన్ పోయాక 1827 జనవరిలో ఎస్టేటు అప్పుల కింద 130 మందిని వేలానికి పెట్టారు.

‘ఇంట్లో మనుషుల్లా చూసుకున్నారు, తాము తిన్నదే పెట్టారు.’

తిండి సంగతి, బానిసగా పుట్టి పారిపోయి బయటపడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లోనే రాశాడు. తాను పెరిగిన మేరీలాండ్ తోటలో పనిచేసేవాళ్లకు నెలకు ఇచ్చింది 8 పౌన్ల పంది మాంసం లేదా దానికి సరిపడా చేపలు, ఒక బుషెల్ (సుమారు 35 లీటర్ల కొలత) మొక్కజొన్న పిండి. మాంసం మన లెక్కలో మూడున్నర కిలోల పైచిలుకు, అదీ నెలంతటికీ. పిల్లలకు ముతక మొక్కజొన్న సంకటి చెక్క తొట్టిలో పోసి నేల మీద పెట్టేవాళ్లు. కొందరు ఆల్చిప్పలతో, కొందరు చెక్క ముక్కలతో, కొందరు వట్టి చేతులతో ఎగబడి తినేవాళ్లు, ఒక్కరి దగ్గరా చెంచా లేదు. దొరల బల్ల మీద హాపిన్ జాన్ వడ్డించిన రోజుల్లోనే ఇదీ జరిగింది.

ఇక ‘ఇంట్లో మనిషి’ సంగతి. మొదటి ప్రెసిడెంట్ జార్జి వాషింగ్టన్ బానిస, వంటగాడు హెర్క్యులీస్ అప్పటి రాజధాని ఫిలడెల్ఫియాలో పేరు మోసినవాడు. ఆ ఊరున్న పెన్సిల్వేనియా రాష్ట్రం చట్టం ప్రకారం ఆరు నెలలు వరసగా అక్కడ ఉంటే బానిసకు స్వేచ్ఛ వస్తుంది కాబట్టి, గడువు దాటకుండా వాషింగ్టన్ తన బానిసలను మధ్యమధ్యలో రాష్ట్రం దాటించి మళ్లీ తీసుకొచ్చేవాడు. 1796 చివర్లో అంత పెద్ద వంటగాణ్ణి వర్జీనియాలోని వాషింగ్టన్ ఎస్టేటు మౌంట్ వెర్నన్‌లో మట్టి తవ్వే పనిలో, రాళ్లు కొట్టే పనిలో పెట్టారు. 1797 ఫిబ్రవరి 22న, సరిగ్గా వాషింగ్టన్ పుట్టినరోజు నాడు, అతను పారిపోయాడు. కొన్ని వారాల తర్వాత అక్కడికి వచ్చిన ఒక ఫ్రెంచి రాకుమారుడి నౌకరు హెర్క్యులీస్ చిన్న కూతుర్ని అడిగాడు, మీ నాన్న ఇక కనపడడని దిగులుగా లేదా అని. ఆ పిల్ల తనకు చాలా సంతోషంగా ఉందని, నాన్నకు ఇప్పుడు స్వేచ్ఛ వచ్చిందని చెప్పింది. ఆ పిల్ల మాత్రం బానిసగానే ఉండిపోయింది. సొంత ఇంట్లోంచి ఎవరైనా ఇలా పారిపోతారా?

‘వాళ్ల వంటలే అయితే వాళ్ల పుస్తకాలేవి?’

రాయడం నేర్పితే నేరమన్న చోట ఈ ప్రశ్న అడగడమే అన్యాయం. సౌత్ కరోలినా 1740లోనే బానిసలకు రాత నేర్పడాన్ని నిషేధించింది, 1834లో చదువు నేర్పడాన్ని కూడా. అంత అణచివేత ఉన్నా పుస్తకాలు రానే వచ్చాయి. టెనసీలో స్వతంత్రురాలిగా పుట్టిన నల్లజాతి స్త్రీ మలిండా రస్సెల్ 1866లో మిషిగన్‌లో తన వంట పుస్తకం అచ్చు వేయించింది. సౌత్ కరోలినాలో బానిసగా పుట్టిన ఆబీ ఫిషర్, శాన్‌ఫ్రాన్సిస్కో చేరి 1881లో దక్షిణాది పాత వంటల మీద ఏకంగా 160 వంటకాల పుస్తకం తెచ్చింది. తనకు చదవడం, రాయడం రాదని ముందుమాటలోనే చెప్పుకుంది. ఆవిడ చెబుతుంటే ఇంకొకరు రాశారు.

ఆ పుస్తకంలో పసిపిల్లలకు పెట్టే జావ ఒకటి ఉంది. జల్లించిన గోధుమపిండిని శుభ్రమైన గుడ్డలో నీళ్లు చొరబడకుండా గట్టిగా మూటకట్టి, మరిగే నీళ్లలో రెండు గంటలు ఉడికించాలి. చల్లారాక పైపెచ్చు తీసేసి, బిడ్డకు పట్టే వేళకు ఒక చెంచాడు తురిమి, మరుగుతున్న పాలలో కలిపి పంచదార వెయ్యాలి. విరేచనాలైతే రెండంగుళాల దాల్చినచెక్క వేసి కాచాలి. తాను పదకొండు మంది పిల్లల్ని కని, అందర్నీ ఇదే పెట్టి పెంచానని, ఇది దక్షిణాది ప్లాంటేషన్ వంటకమని ఆబీ ఫిషర్ చెప్పి రాయించింది.