కనమంటారు, సెలవివ్వరు

పిల్లల్ని ఎక్కువగా కనాలని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2024 నుంచి సభల్లో పిలుపునిస్తూనే ఉన్నారు. ఇద్దరికి మించి సంతానముంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను ఆ ఏడాదే రద్దు చేశారు. ఎన్ని కాన్పులైనా ప్రసూతి సెలవు ఇస్తామని మరుసటి ఏడాది ప్రకటించారు. మూడో బిడ్డ గురించి ఇంతగా ఆలోచించిన ప్రభుత్వానికి, మొదటి బిడ్డ కోసమే ఏళ్ల తరబడి సంతాన సాఫల్య కేంద్రాల చుట్టూ తిరుగుతున్న ఉద్యోగినికి చికిత్స కోసం సెలవివ్వాలన్న సంగతి గుర్తుకు రాకపోవడం క్షమార్హం కాదు.

చట్టం తీరు మరీ విడ్డూరం. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టమైనా, దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రతా స్మృతి అయినా గర్భస్రావమైతే 6 వారాలు, ట్యూబెక్టమీ (స్త్రీలకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్) చేయించుకుంటే 2 వారాలు వేతనంతో కూడిన సెలవు ఇస్తున్నాయి. సరోగసీ ద్వారా బిడ్డను పొందిన తల్లికి 12 వారాలు ఇస్తున్నాయి. ఐవీఎఫ్ (అండాన్ని శరీరం బయట ఫలదీకరించి, పిండాన్ని గర్భంలో ప్రవేశపెట్టే చికిత్స) చేయించుకునే ఉద్యోగినికి మాత్రం ఒక్క రోజు కూడా లేదు. పిల్లలు ఇక వద్దని ఆపరేషన్ చేయించుకుంటే సెలవు ఉంది, కావాలని సూదిపోట్లు భరిస్తే లేదు. పాలకుల మాట మారింది, చట్టం మారలేదు.

ఈ చికిత్స తేదీలు ముందుగా తెలిసేవి కావు. పది పన్నెండు రోజులపాటు రోజూ హార్మోన్ ఇంజెక్షన్లు, మధ్యమధ్యలో స్కానింగులు, రక్తపరీక్షలు ఉంటాయి. అండాల ఎదుగుదలను బట్టి చివరి ఇంజెక్షన్ ఇచ్చిన సుమారు 36 గంటలకు మత్తుమందిచ్చి వాటిని సేకరిస్తారు, అంటే ఎల్లుండి సెలవు కావాలన్న సంగతి ఆమెకు ఈ రోజే తెలుస్తుంది. పిండాన్ని ప్రవేశపెట్టాక ఫలితం కోసం దాదాపు రెండు వారాలు ఎదురుచూడాలి. అది విఫలమైతే గర్భస్రావ సెలవూ వర్తించదు, చట్టం దృష్టిలో ఆమె గర్భవతే కాదు కనుక. లోపం భర్తలో ఉన్నా ఇంజెక్షన్లు భరించేది ఆమే. నిజం చెబితే పదోన్నతి పోతుందని, నలుగురి నోళ్లలో నానుతామని భయపడి, జ్వరమనో ఇంట్లో ఎవరికో బాగాలేదనో చెప్పి ఉన్న సెలవులన్నీ వాడేసుకుంటున్న స్త్రీలు ప్రతి కార్యాలయంలోనూ ఉన్నారు.

సెలవులు పెంచితే యాజమాన్యాలు మహిళలను ఉద్యోగాల్లోకి తీసుకోవన్న వాదన ఉంది. అందుకు విరుగుడు భర్తకూ సెలవివ్వడమే తప్ప భార్యకు నిరాకరించడం కాదు. మాల్టా 2017లో ఐవీఎఫ్ కోసం వేతనంతో 100 గంటల సెలవు తెచ్చి, అందులో 60 గంటలు చికిత్స పొందే స్త్రీకి, 40 గంటలు భాగస్వామికి కేటాయించింది. జననాలు పడిపోయి కలవరపడుతున్న దక్షిణ కొరియా ఏటా 6 రోజులు ఇస్తోంది. కలవరం మనకూ ఉందంటున్నారు, మరి ఆ సెలవేది?

ప్రైవేటు సంస్థలకు వర్తించాలంటే కేంద్రం చట్టాన్ని సవరించాలి, ఆలస్యం లేకుండా సవరించాలి. సొంత ఉద్యోగుల విషయంలో రాష్ట్రానికి ఆ సాకు కూడా లేదు. కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సిబ్బందితో సహా భార్యాభర్తలిద్దరికీ వర్తించేలా, వైద్య వివరాలు గోప్యంగా ఉండేలా ఒక్క జీవో ఇస్తే సరిపోతుంది. అది ఇచ్చేదాకా, పిల్లల్ని కనడం గురించి వేదికలెక్కి మహిళలకు హితబోధ చేసే హక్కు ఏ నాయకుడికీ లేదు.