సిస్టమ్ ‘ఫాస్ట్‌గా’ ఉండాలట!

ఇప్పుడే రివ్యూ మీటింగ్ నుంచి బయటికొచ్చాను. ఇది రాయకపోతే ఇవాళ నాకు నిద్ర పట్టదు.

కొత్తగా చేరిన బిజినెస్ అనలిస్ట్ ఒకతను రిక్వైర్‌మెంట్స్ డాక్యుమెంట్, అంటే క్లయింట్‌కి సాఫ్ట్‌వేర్ ఏమేం చేయాలో రాసిన పత్రం, పట్టుకొచ్చాడు. 62 పేజీలు. లోగో, వెర్షన్ హిస్టరీ, విషయసూచిక, అన్నీ ముచ్చటగా ఉన్నాయి. 14వ పేజీలో “సిస్టమ్ ఫాస్ట్‌గా ఉండాలి” అని ఉంది. దాని కిందే “యూజర్ ఫ్రెండ్లీగా ఉండాలి”. ఎంత ఫాస్ట్ బాబూ అనడిగితే, “క్లయింట్ అదే మాట అన్నారు సార్” అన్నాడు. అన్నారయ్యా, కాదనను. అన్నది అన్నట్టు రాయడానికి నువ్వెందుకు, ఫోన్‌లో రికార్డు చేసుకుంటే సరిపోదా? నెలాఖరున 200 మంది ఒకేసారి బిల్లులు ఎక్కిస్తున్నా, సేవ్ నొక్కిన 3 సెకన్లలో పని అయిపోవాలి అని రాస్తే, టెస్టర్ గడియారం పెట్టుకుని చూస్తాడు. ‘ఫాస్ట్‌గా’ను దేంతో కొలవాలి?

కుర్రాడిని అనీ లాభం లేదు. మూడు నెలల కోర్సు చేసొచ్చాడు. వాడేవాడికి ఏం కావాలో ఒక్క వాక్యంలో రాసే యూజర్ స్టోరీ టెంప్లేట్ నేర్పారు, సిస్టమ్‌ని ఎవరెలా వాడతారో చూపే యూజ్ కేస్‌లో పుల్లల్లాంటి మనిషి బొమ్మ గీయడం నేర్పారు, మాస్కో అంటే ఊరు కాదు, ఏది ఎంత ముఖ్యమో తేల్చే మస్ట్, షుడ్, కుడ్, వోంట్ అని కూడా నేర్పారు. చాలా సంతోషం. రిక్వైర్‌మెంట్స్ ఎలా రాయాలో చెప్పే ఐట్రిపులీ (IEEE) 830 ప్రమాణం గురించి గడగడా అప్పజెప్పాడు. దాని స్థానంలో 29148 వచ్చింది 2011లో! ఆ వార్త ఆ కోర్సుదాకా ఇంకా చేరినట్టు లేదు. పాతదైనా కొత్తదైనా, రాసింది సరిచూసుకోవడానికి వీలుండాలనే చెప్తాయి. ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ వచ్చు.

సాఫ్ట్‌వేర్‌ని చిన్న చిన్న ముక్కలుగా చేసుకుంటూ పోయే అజైల్ పద్ధతివాళ్లది ఇంకో బ్యాచ్ ఉంది: “మాది అజైల్ అండీ, డాక్యుమెంట్ అక్కర్లేదు” అంటారు. 2001 నాటి అజైల్ మేనిఫెస్టోలో డాక్యుమెంట్ల కన్నా పనిచేసే సాఫ్ట్‌వేర్‌కి ఎక్కువ విలువ అన్నారు గానీ, అసలు రాయొద్దని ఎక్కడన్నారు? చదివితేగా!

నేర్పాల్సింది ఆ సిస్టమ్ వాడేవాళ్ల పక్కన కూర్చోవడం. ఒకసారి ఒక అకౌంట్స్ విభాగానికి కొత్త సిస్టమ్ చేశాం. మీటింగులన్నీ మేనేజర్లతోనే. అందరూ సంతకాలు పెట్టారు. వాడకం మొదలైన రెండో రోజు వెళ్లి చూస్తే, రోజంతా ఎంట్రీలు చేసే ఆవిడ మా స్క్రీన్ మూసేసి పాత ఎక్సెల్ తెరుచుకుని కూర్చున్నారు. కొన్ని వరుసలకు పసుపు రంగు. ఏంటండీ ఇవి అంటే, “చెక్కు వచ్చింది, ఇంకా పాస్ కాలేదు సార్. మీ దాంట్లో వచ్చింది, రాలేదు, రెండే కదా ఉన్నాయి” అన్నారు. ఆరు నెలల పని ఆ పసుపు రంగు దగ్గర బోర్లా పడింది. మేం అడగలేదు, ఆవిడ చెప్పలేదు. ఎందుకు చెప్తారు? ఊపిరి పీలుస్తున్నానని ఎవరైనా పనిగట్టుకుని చెప్తారా?

అసలు ఆవిడ పక్కన రెండు వారాలు కూర్చుంటానని నేను ముందే ప్లాన్‌లో రాశాను. అప్పటి మా మేనేజర్ మహాశయుడు దాన్ని రెండు రోజులకు కోసేసి, “రాసుకోవడానికి రెండు వారాలెందుకయ్యా, టైపింగ్ రాదా?” అన్నాడు. పదిమంది ముందు. అందరూ నవ్వారు. ఆ రెండు రోజుల్లోనూ ఒక రోజంతా నా చేత స్లైడ్లకు రంగులు మార్పించాడు. తర్వాత ఆ చెక్కుల గొడవ సర్దడానికి నాలుగు నెలలు పట్టింది. అప్పుడు పై వాళ్లకు ఆయన పెట్టిన మెయిల్‌లో ఏముందో తెలుసా? “రిక్వైర్‌మెంట్స్ సరిగ్గా సేకరించలేదు.” పక్కనే బ్రాకెట్లో నా పేరు.

ఆ మెయిల్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దానికోసం ప్రత్యేకంగా ఒక ఫోల్డర్ కూడా పెట్టాను. ఫోల్డర్ పేరు ‘టైపింగ్’.