నక్క తోక తొక్కిన ఓనరూ, నిద్రపోతున్న టీమూ

మొన్న ఫీనిక్స్ పక్కనున్న చాండ్లర్‌లో ఒక పుట్టినరోజు ఫంక్షన్‌కి వెళ్ళాను. బిర్యానీ ప్లేటు చేత్తో పట్టుకుని, మా అరిజోనా కొయోటీస్ ఐస్ హాకీ టీము యూటాకి వెళ్ళిపోయిందే అని నా మానాన నేను బాధపడుతుంటే, పక్కనున్న పెద్దమనిషి మధ్యలో అడ్డుపడి సరిదిద్దాడు. "వెళ్ళిపోలేదండీ. టెక్నికల్‌గా అది ఇన్‌యాక్టివ్ అయింది."

ప్లేటు కింద పెట్టేశాను. (ఖాళీ అయ్యాకే పెట్టాను లెండి.)

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళూ నిజం. 2024 ఏప్రిల్ 18న నేషనల్ హాకీ లీగ్ ఓనర్లందరూ ఏకగ్రీవంగా తేల్చిందేమిటంటే, కొయోటీస్ ఎక్కడికీ పోలేదు. ప్లేయర్లు పోయారు, కోచ్ పోయాడు, జనరల్ మేనేజర్ పోయాడు, రాబోయే ఏళ్ళలో కొత్త కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్ హక్కులు పోయాయి, అన్నీ మూట కట్టుకుని సాల్ట్ లేక్ సిటీలో దిగాయి. టీము మాత్రం పోలేదు. దాని పేరూ, లోగో, ఓడిన మ్యాచుల లెక్కా ఇక్కడే ఫీనిక్స్ ఎండలో వడియాల్లా ఆరబెట్టి ఉంచారు. యూటాలో ఆడుతున్నది సరికొత్త టీమట, మనవాళ్ళతో దానికి నక్కకీ నాగలోకానికీ ఉన్న సంబంధమట. కొయోటీ నక్క జాతిదే కాబట్టి ఈ సామెత ఇక్కడ అతికినట్టు సరిపోయింది. క్లేటన్ కెల్లర్ ఇక్కడ ఎన్నో ఏళ్ళు ఆడాడు, చివరి సీజన్లో 33 గోల్స్ కొట్టాడు. అదే మనిషి, అదే కర్ర, అవే స్కేట్లు, యూటా టీము రికార్డుల్లో మాత్రం సున్నా దగ్గర మొదలు.

ఇంత గొప్ప మాట ఇన్నాళ్ళూ మనకి తట్టకపోవడం మన దురదృష్టం. నేను జిమ్ మానలేదు, నా మెంబర్‌షిప్ ఇన్‌యాక్టివ్‌గా ఉంది. మా బావమరిది నా దగ్గర తీసుకున్న డబ్బు ఎగ్గొట్టలేదు, ఆ బాకీ నిద్రావస్థలో ఉంది. మా తాతగారు 1994లో పోయారని మేమంతా అనుకుని ఏటా తద్దినం పెడుతున్నాం, అమాయకులం.

అసలు ఈ టీము బతుకే ఒక అద్దె కొంప బతుకు. 1996లో కెనడాలోని విన్నిపెగ్ నుంచి వచ్చారు. మొదట దిగింది ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లో, బాస్కెట్‌బాల్ కోసం కట్టిన అరీనాలో. దాంట్లో ఒక పక్క కొన్ని వేల సీట్లలో కూర్చుంటే గోల్ పూర్తిగా కనబడేది కాదు. హాకీకి వచ్చి గోల్ తప్ప మిగతావన్నీ చూసి ఇంటికి వెళ్ళేవాళ్ళు జనం. 2003లో పక్కనే ఉన్న గ్లెండేల్ ఊరికి మారారు. 2009లో అప్పటి ఓనరు ఐపీ పెట్టాడు. కొనడానికి వచ్చినాయన కెనడాకి పట్టుకుపోతానంటే కోర్టు ఒప్పుకోలేదు, చివరికి లీగే టీముని కొనుక్కుని 2013 దాకా నడిపింది. తమాషా ఏమిటంటే, టీము చరిత్రలో బాగా ఆడి కాన్ఫరెన్స్ ఫైనల్ (మన లెక్కలో సెమీస్) దాకా వెళ్ళింది ఒక్క 2012లోనే, అంటే సొంత ఓనరు లేని రోజుల్లో. దీన్నిబట్టి మీకేమైనా అర్థమైతే అది మీలోనే దాచుకోండి.

2019లో అలెక్స్ మెరువెలో అనే కాసినోల యజమాని కొన్నాడు. 2021 డిసెంబర్లో గ్లెండేల్ నగరం వారు, సుమారు 13 లక్షల డాలర్ల పన్ను బకాయి కట్టండి, లేకపోతే అరీనాకి తాళం వేస్తాం అన్నారు. టీము వారు అది మానవ తప్పిదం అని చెప్పి కట్టేశారు. నిజమే, పన్ను కట్టకపోవడం మానవులే చేస్తారు, నక్కలు చేయవు. లీజు పొడిగించేది లేదని గ్లెండేల్ అప్పటికే చెప్పేసింది. సామాను సర్దుకుని 2022లో మా టెంపీకి వచ్చి, అరిజోనా స్టేట్ యూనివర్సిటీ కాలేజీ పిల్లల కోసం కట్టిన మల్లెట్ అరీనాలో చేరారు. సీట్లు 4,600. ఇదే లీగ్‌లో మిగతా టీములు పదహారు వేలు, పద్దెనిమిది వేలు కూర్చునే చోట ఆడతాయి.

ఆ అరీనాకి 2024 ఫిబ్రవరిలో మా మావగారిని తీసుకెళ్ళాను. ఆయనది తెనాలి. రిటైరయ్యాక స్థలాల బేరాల్లో కాలక్షేపం చేస్తుంటారు. మంచు మీద జారుతూ కర్రలతో కొట్టుకునే ఆటని జన్మలో చూడలేదు, ఆ రోజు కూడా చూడలేదు. సీట్లో కూర్చుని, శాలువా చెవుల మీదుగా చుట్టుకుని, నాలుగు పక్కలా కలియజూశారు.

"ఏం బాబూ, ఇది ప్రాక్టీసు హాలా?"

"కాదు మావయ్యగారూ, ఇదే మెయిన్."

"మా వియ్యాలవారి ఓణీల ఫంక్షన్‌కి ఇంతకంటే పెద్ద హాలు తీసుకున్నారు. సరే, సొంతదేనా?"

"కాదండీ, యూనివర్సిటీది."

"అద్దెకా! ఇదివరకు ఎక్కడుండేవాళ్ళు?"

"గ్లెండేల్‌లోనండీ."

"ఖాళీ చేయించారా?"

"అవునండీ."

"బకాయిలా?"

నాకు ఒక్క క్షణం మాట రాలేదు. ముప్పై ఏళ్ళుగా ఈ టీము గురించి స్పోర్ట్స్ జర్నలిస్టులు పేజీలకి పేజీలు రాసి తేల్చిన విషయాన్ని ఈయన మొదటి పీరియడ్ అయ్యేలోపే పట్టేశారు. అక్కడ మన గోల్‌లోకి పక్ అనే రబ్బరు బిళ్ళ దూసుకుపోయింది, జనం తలలు పట్టుకున్నారు, మావగారు మాత్రం నా వైపు తిరిగి టెంపీ ఓటింగ్ కథ చెప్పించుకుంటున్నారు. 2023 మేలో టెంపీ జనం ముందు ఒక ప్రతిపాదన పెట్టారు: ఊరి చెత్త పోసే 46 ఎకరాల్లో 210 కోట్ల డాలర్లతో అరీనా, హోటళ్ళు, దుకాణాలు, సుమారు రెండు వేల అపార్ట్‌మెంట్లు కడతామని. ఆయన కళ్ళు వెలిగాయి. "అపార్ట్‌మెంట్లు రెండు వేలా? మరి హాకీ ఎంత స్థలంలో?" అని అడిగి, నేను చెప్పేలోపే చెయ్యి అడ్డంగా ఊపేసి, "అర్థమైందిలే. గుడి కడతామని చెప్పి చుట్టూ షాపులు వేసుకోవడం. మా వైపు చాలా చూశాం. విమానాశ్రయం పక్కనేగా, ఎత్తుకి పర్మిషన్ వచ్చిందా?" అన్నారు. ఫ్లైట్లు నెత్తి మీదుగా పోయే చోట జనాన్ని కాపురం పెట్టిస్తారా అని ఫీనిక్స్ నగరం నిజంగానే కోర్టుకెక్కిందని చెప్పాను. ఆ రోజు ఆయన సంతోషం చూడాలి. ఓటర్లు ఆ ప్రతిపాదనని తిప్పికొట్టారు అనగానే, "మంచిపని చేశారు, టైటిల్ క్లియర్‌గా లేనిది ముట్టుకోకూడదు" అని తీర్పు ఇచ్చేశారు. స్కోరు ఎంతో ఆయన అడగలేదు. నేనూ చెప్పలేదు, పెద్దాయన ముందు పరువు తక్కువ.

పరువు సంగతి ఎందుకంటే, ఆ నెల మేము ఒక్కటి కూడా గెలవలేదు. జనవరి చివర్లో మొదలుపెట్టి వరసగా 14 మ్యాచులు ఓడిపోయారు. ఇదే టీము అంతకుముందు రెండు నెలల క్రితం వేగస్, టాంపా బే, కొలరాడో, సెయింట్ లూయిస్, వాషింగ్టన్‌లని, అంటే అంతకుముందు ఆరేళ్ళలో లీగ్ ఛాంపియన్లకిచ్చే స్టాన్లీ కప్ గెలిచిన ఐదు టీములనీ, వరసబెట్టి ఓడించింది. నేను ఒట్టేసి చెబుతున్నాను, కావాలంటే రికార్డులు చూసుకోండి, అవి ఇక్కడే ఇన్‌యాక్టివ్‌గా ఉన్నాయిగా. మొత్తం 82 ఆటల్లో 36 గెలుపులు, 41 ఓటములు, ఓవర్‌టైమ్‌లో పోగొట్టుకున్నవి 5. ఇల్లుంటుందో లేదో తెలియని మనుషులకి అది చెడ్డ లెక్కేమీ కాదు.

పైగా జీతాల జాబితాలో ఉన్న వాళ్ళలో కొందరు మంచు మీదకి వచ్చే ప్రసక్తే లేదు. లీగ్‌లో ప్రతి టీమూ జీతాల మీద కనీసం ఇంత ఖర్చు చూపించాలన్న రూలు ఉంది. మనవాళ్ళు ఆ రూలుని గౌరవించిన పద్ధతి చూడండి: గాయాలతో ఆట మానేసిన షే వెబర్, బ్రయాన్ లిటిల్, యాకుబ్ వొరాచెక్‌ల కాంట్రాక్టులు తెచ్చి కాగితం నింపారు. వెబర్ ఆఖరి ఆట ఆడింది 2021లో, మాంట్రియల్‌కి. అరిజోనా చొక్కా ఒక్క మ్యాచులోనూ వేయలేదు. 2024లో ఆయన్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు, అప్పటికీ ఆయన కాంట్రాక్టు యూటా పద్దులో నడుస్తూనే ఉంది! ఇన్‌యాక్టివ్ అనే విద్యలో వీళ్ళు టీముని నిద్రపుచ్చకముందే ప్లేయర్ల మీద బాగా చెయ్యి తిప్పుకున్నారన్నమాట.

ఇక్కడిదాకా నవ్వుకుంటూనే రాశాను. కానీ మార్చి 26 దగ్గరికి వచ్చేసరికి నవ్వు రావడం లేదు.

ఆ రోజు జాష్ డోన్ అనే కుర్రాడు మొదటి మ్యాచ్ ఆడాడు, రెండు గోల్స్ కొట్టాడు. వాళ్ళ నాన్న షేన్ డోన్ విన్నిపెగ్ నుంచి ఈ టీముతో పాటే వచ్చి 2017 దాకా ఇక్కడే ఆడాడు. డబ్బు ఎక్కువిచ్చే టీములు లేక కాదు, ఇక్కడే ఉంటానని ఉండిపోయాడు. కొడుకు పుట్టింది స్కాట్స్‌డేల్‌లో, పెరిగింది ఈ టీము డ్రెస్సింగ్ రూముల్లో, చదివింది అరిజోనా స్టేట్‌లో, కాలేజీ హాకీ ఆడింది ఇదే మల్లెట్ అరీనాలో. వాడికి ఊరి టీము చొక్కా మూడు వారాలు దక్కింది. మూడు వారాలు! ఏప్రిల్‌లో టీము ఎడ్మంటన్‌లో ఉండగా జనరల్ మేనేజర్ వెళ్ళి, సర్దుకోండి, యూటా పోతున్నాం అని ప్లేయర్లకి చెప్పాడు. ఊరికి మాత్రం పెదవి విప్పి ఎవరూ ఏమీ చెప్పలేదు. 17న టెంపీలో ఆఖరి ఆట. ఎడ్మంటన్ మీద 5-2తో గెలిచారు. ఆటయ్యాక ప్లేయర్లు మంచు వదల్లేదు, జనం సీట్లు వదల్లేదు. మా పక్క వరసలో ఒక చిన్నపిల్ల నక్కలా ఊళ వేస్తూనే ఉంది, ఇక్కడ గోల్ పడినప్పుడు వేసే ఊళ అది, వాళ్ళమ్మ ఆపలేదు. ఆ పిల్లకి చెప్పండి ఇన్‌యాక్టివ్ అంటే ఏమిటో. నగర పెద్దలు, లీగ్ పెద్దలు, ఎవరైనా సరే, వచ్చి ఆ పిల్ల ఎత్తుకి వంగి, కళ్ళలోకి చూసి చెప్పండి. ఇదే టీముని చూసి ఆట నేర్చుకున్న స్కాట్స్‌డేల్ కుర్రాడు ఆస్టన్ మాథ్యూస్ 2016లో లీగ్ డ్రాఫ్ట్‌లో దేశదేశాల పిల్లల్లో మొదటివాడిగా ఎంపికయ్యాడు. ఎడారిలో మంచు నిలవదని వెక్కిరించినవాళ్ళకి అంతకంటే ఏం జవాబు కావాలి? మంచు బాగానే నిలిచింది, లీగ్ కమిషనర్ గారూ. నిలవనిది మీ ఓనర్లు.

ఓనరుగారికి మాత్రం ఏ లోటూ జరగలేదు. అంతా యూటాకి అప్పజెప్పినందుకు ఆయన చేతికి వంద కోట్ల డాలర్లు వచ్చాయి. నక్క తోక తొక్కడం అంటే మనం ఊరికే సామెత అనుకుంటాం, ఈయన తొక్కిన తోక నిజం నక్కది, ఆ నక్కే లేవలేదు. పైగా ఐదేళ్ళలో అరీనా కట్టి, ఆ డబ్బు తిరిగి కడితే నిద్రపోతున్న టీముని లేపుకోవచ్చని వెసులుబాటు కూడా ఇచ్చారు. ఉత్తర ఫీనిక్స్‌లో 110 ఎకరాల ప్రభుత్వ భూమిని 2024 జూన్ 27న వేలానికి పెట్టారు, పాట 6 కోట్ల 85 లక్షల డాలర్ల దగ్గర మొదలు. వేలం ఇంకో వారం ఉందనగా రాష్ట్ర భూముల శాఖ రద్దు చేసింది, ముందు అరీనాకి పర్మిషన్ తెచ్చుకోండి అంది. అంతే, ఐదేళ్ళ గడువులో రెండు నెలలు గడిచాయో లేదో, నావల్ల కాదని ఆయన లీగ్‌కి చెప్పేసి పక్కకి తప్పుకున్నాడు.

మావగారు అప్పటికి తెనాలి వెళ్ళిపోయారు. ఆదివారం ఫోన్లో ఈ వార్త చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు, పాపం టీము పోయిందని బాధపడుతున్నారేమో అనుకున్నాను.

"బాబూ," అన్నారు చివరికి, "ఆ 110 ఎకరాలకీ రోడ్డు ఫేసింగ్ ఉందా?"