పై ఊరి తూము షట్టరు గారికి, కింది ఊరి రైతు రాయునది

షట్టరు గారూ, దండాలు.

నిన్నటి నుంచి మా వంతు. అంటే మీరు మూసుకొని ఉండాలి. రాత్రి రెండింటికి టార్చి పట్టుకొని వచ్చి చూస్తే జానెడు లేచి ఉన్నారు, కింద బండరాయి. మిమ్మల్ని తిప్పే చక్రం ఎప్పుడో పాత ఇనుముకు పోయింది కాబట్టి ఆ రాయిదే పెత్తనం. పోచంపాడు నుంచి వరంగల్ దాకా దిగొచ్చిన నీళ్లకు మీ ఊరు దాటడమే కష్టమైంది. ఇక్కడ వరి పొట్ట మీదుంది. మడిలో నెర్రెలు, నా వేలు దూరేంత.

గంగ నీళ్ల మీద మన దేశం, బంగ్లాదేశ్ 1996 డిసెంబర్ 12న 30 ఏళ్లకు ఒప్పందం రాసుకున్నాయి. ఎండాకాలంలో మన ఫరక్కా బ్యారేజీ దగ్గర పది రోజులకో లెక్క. 70,000 క్యూసెక్కులు దాటకపోతే చెరిసగం. మార్చి 11 నుంచి మే 10 దాకా మరీ కటకట కదా, అందుకని పది రోజులు ఒకరికి, తర్వాతి పది రోజులు ఇంకొకరికి 35,000 క్యూసెక్కులు ఖాయం. వంతులే! దేశాలు కూడా వంతులే పెట్టుకున్నాయండీ, అదీ మన యాసంగి రోజుల్లోనే.

నాకు నిద్ర పట్టనిది వంతు గురించి కాదు, కొలత గురించి. వదిలే ఫరక్కా దగ్గరే కాదు, కింద బంగ్లాదేశ్‌లో హార్డింజ్ బ్రిడ్జి దగ్గర కూడా రెండు దేశాల మనుషులూ కలిసి రోజూ కొలవాలని రాసుకున్నారు. వదిలినవెన్ని అని ఒకచోట, చేరినవెన్ని అని ఇంకోచోట! మన దగ్గర వదిలిన లెక్క పేపర్లో వస్తుంది. చేరిన లెక్కకు నా కాలే స్కేలు. చీలమండ తడిస్తే వచ్చినట్టు. ఈ యాసంగిలో నా చెప్పులు కూడా తడవలేదు.

అక్కడ అంతా సాఫీ అని కాదు. అదే బంగ్లాదేశ్‌తో తీస్తా నది పంపకం 2011లో సంతకం దాకా వచ్చి ఆగిపోయింది. పాకిస్తాన్‌తో 1960 నాటి సింధు ఒప్పందాన్ని 2025 ఏప్రిల్‌లో మనవాళ్లు పక్కన పెట్టారు. కానీ పక్కన పెట్టడానికైనా ఒక కాగితం ఉండాలి కదా. మనది కాలువ చూసే లస్కరు నోటిమాట. ఆయన ఫోన్ స్విచాఫ్.

ఏమయ్యా షట్టరూ, సిగ్గు లేదా నీకు? ఒక రాయికి లొంగుతావా? నువ్వు ఉన్నది తెరవడానికా, మూయడానికా, లేక ఊరికే తుప్పు పట్టడానికా?

రాయి పీకి పొదల్లోకి విసిరాను. దబ్బున దిగావు. పొద్దున చూస్తే అదే రాయి, అదే జానెడు.

పెట్టింది ఎవరో తెలుసు. మా వియ్యంకుడే. ఏడింటికి ఫోన్ చేశాడు: "బావా, రాత్రి నీళ్లు బాగా పారినయా?"