దొర వేషం ఎప్పుడు కడతారు?

మా తిరుపతి గంగమ్మ జాతర కథ బయటి ఊళ్ల వాళ్లకు తెలియకపోవచ్చు. ఆడపిల్లల జోలికి పోయిన పాలెగాడు అమ్మవారికి భయపడి ఎక్కడో దాక్కుంటే, వాణ్ని బయటికి రప్పించడానికి ఆమె రోజుకో వేషం కట్టిందట. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, ఆ తర్వాత దొర వేషం. దొర వచ్చాడనుకుని వాడు బయటికొచ్చాడు, అమ్మ పని ముగించింది. నాలుగు రోజుల్లో తేలిపోయిన వ్యవహారం. ప్రపంచ దేశాలు కూడా చిన్నపిల్లల చదువుకు అడ్డం పడుతున్న పాలెగాణ్ని పట్టుకోవాలని 1990 నుంచి వేషాలు కడుతూనే ఉన్నాయి. ఇంకా దొర వేషం దాకా రాలేదు.

మొదటి వేషం థాయిలాండ్‌లోని జోమ్‌తియెన్‌లో కట్టారు. నేర్చుకోవడం పుట్టుకతోనే మొదలవుతుందని 1990లో అక్కడ ప్రకటించారు (మా అవ్వకు అంతకు ముందే తెలుసు, కానీ ఆమెను ఎవరూ విమానం ఎక్కించలేదు). 2000లో సెనెగల్ రాజధాని డాకర్‌లో ఆరు లక్ష్యాలు పెట్టుకున్నారు, మొదటిదే చిన్నపిల్లల సంరక్షణ, చదువు. 2010లో ఈ ఒక్క విషయానికే మాస్కోలో ప్రపంచ మహాసభ. 2015లో ఐక్యరాజ్య సమితి దానికి సుస్థిరాభివృద్ధి లక్ష్యం 4.2 అని కొత్త పేరు పెట్టి 2030 దాకా గడువిచ్చింది. మళ్లీ 2022 నవంబర్ 14న, మనమిక్కడ నెహ్రూ ఫొటోకు దండేసి పిల్లలకు చాక్లెట్లు పంచుతున్న రోజునే, తాష్కెంట్‌లో రెండో మహాసభ మొదలుపెట్టి, చదువుకు పెట్టే ఖర్చులో కనీసం పది శాతం ఒకటో తరగతికి ముందు చదువుకు ఇవ్వాలని తీర్మానించారు. జోమ్‌తియెన్ నాటి మూడేళ్ల పాపకు ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది. ఆమె పిల్లలు కూడా ఈపాటికి ఎల్‌కేజీ దాటేసి ఉంటారు. మనవళ్ల మీద ఆశ పెట్టుకోవాలి.

ప్రపంచంలో 17.5 కోట్ల మంది పిల్లలు, అంటే ఆ వయసు వాళ్లలో దాదాపు సగం మంది, బడికి ముందు చదువులో లేనే లేరని యునిసెఫ్ 2019లో చెప్పింది. మా వీధిలో ఎవరికి చెప్పినా నమ్మరు. ఇక్కడ పాలు మానకముందే ప్రీకేజీ సీటు కోసం ఎమ్మెల్యే లెటర్ దొరుకుతుందా అని వాకబు చేస్తారు కదా. ఇక క్వాలిటీ అంటే ఏమిటో తాష్కెంట్ వాళ్లకు అంత వివరంగా తెలియదేమో గానీ మాకు బాగా తెలుసు. మెడకు టై ఉండాలి, జూన్ ఎండలో కూడా షూస్ ఉండాలి, పిల్ల ఇంటికొచ్చి నీళ్లడిగినా ఇంగ్లీషులోనే అడగాలి.

మా మనవరాలిని ఆ మధ్య ఒక బడికి ఇంటర్వ్యూకి తీసుకెళ్లాం. మూడేళ్ల పిల్లకు ఇంటర్వ్యూ ఏమిటని అడక్కండి, నేను అడిగితే ఇంట్లో నన్ను బయట కూర్చోబెట్టారు. మేడమ్ మామిడికాయ బొమ్మ చూపించి ఇదేమిటి అన్నారట. మాది పాత చిత్తూరు జిల్లా, మా బావమరిదికి తోట ఉంది, పిల్ల వేసవంతా అక్కడే తిరిగింది. 'తోతాపురి, జూస్ ఫ్యాక్టరీకి పోతాది' అనింది. జవాబు తప్పు. 'ఎం ఫర్ మ్యాంగో' అనాలి. కాయ జాతి, అది పోయే దారి, దాని వెనకున్న మార్కెట్టు మూడేళ్లకే చెప్పిన పిల్లకు 'ఇంప్రూవ్‌మెంట్ అవసరం' అని రాసి, ఫీజు మాత్రం ఏ ఇంప్రూవ్‌మెంటూ అక్కర్లేకుండా కట్టించుకున్నారు.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రంలో 1962లో పెర్రీ ప్రీస్కూల్ అని ఒకటి నడిపారు. పేద కుటుంబాల పిల్లలు 123 మందిని తీసుకుని, సుమారు సగం మందికి బడి పెట్టి, మిగతా వాళ్లను అలాగే వదిలి, అందరినీ నలభై ఏళ్లు వచ్చేదాకా గమనిస్తూ వచ్చారు. బడికెళ్లిన వాళ్లకు సంపాదన ఎక్కువ, అరెస్టులు తక్కువ అని తేలింది. ఆర్థికవేత్తలు ఈనాటికీ దీన్నే చూపిస్తారు. అందులో టై గురించి ఎక్కడా లేదు. ఐదారుగురు పిల్లలకో టీచరు, ఆటలు, వారానికోసారి పిల్ల ఇంటికే వచ్చే టీచరమ్మ. ఫీజు రసీదుతో తప్ప మన ఇంటి గడప తొక్కని సంస్కృతికి ఇదంతా వింతే.

అలాంటిది మన దేశంలో లేదనుకునేరు, ఉంది. 1975 అక్టోబర్ 2న పెట్టారు, అంటే జోమ్‌తియెన్ కంటే పదిహేనేళ్లు ముందే. పేరు అంగన్‌వాడీ. ఆరు సేవల్లో ఒకటి చదువు. మా సందు చివర ఉన్న టీచరమ్మ పొద్దున పిల్లల్ని తూకం వేస్తుంది, గుడ్లు లెక్కపెడుతుంది, గర్భిణులకు సరుకులు ఇచ్చేటప్పుడు వాళ్ల మొహాల్ని ఫోనుకు చూపిస్తుంది, సర్వర్ పనిచేయకపోతే మళ్లీ చూపిస్తుంది, టీకాలకు పిలుస్తుంది, ఎన్నికలొస్తే ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతుంది. గంగమ్మకైనా రోజుకో వేషమే, ఈమెకు గంటకొకటి. వీటి మధ్యలో ఎప్పుడైనా ఊపిరి పీల్చుకునే తీరిక దొరికితే 'చిట్టి చిలకమ్మా' పాడిస్తుంది. ఆ పాటనే అధికారిక భాషలో పూర్వ ప్రాథమిక విద్య అంటారు.

దీనికి ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం, 11,500. గౌరవం ఎక్కువ కాబట్టి వేతనం తక్కువన్నమాట. 2023 డిసెంబర్‌లో రాష్ట్రమంతా వీళ్లు సమ్మెకు దిగి 42 రోజులు రోడ్ల మీద కూర్చుంటే, మధ్యలో ప్రభుత్వం ఎస్మా (అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే చట్టం) ప్రయోగించింది. పని చేసినన్నాళ్లు స్వచ్ఛంద సేవ, పని ఆపగానే అత్యవసర సేవ! ఒకే మనిషి ఇంత త్వరగా వేషం మారడం మా జాతరలో కూడా చూడలేదు.

రాజ్యాంగాన్ని అడుగుదామంటే అదీ జాగ్రత్తగానే మాట్లాడింది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల వాళ్లకు చదువు హక్కు. ఆరేళ్ల లోపు వాళ్లకు మాత్రం రాజ్యం 'ప్రయత్నిస్తుంది' అని 45వ అధికరణంలో ఉంది. నేను కూడా రేపటి నుంచి కపిలతీర్థం దాకా పొద్దున్నే నడవడానికి ప్రయత్నిస్తానని ఇంట్లో మాటిచ్చి పదేళ్లయింది, కాబట్టి రాజ్యం బాధ నాకు అర్థమవుతుంది.

అందుకే నాదొక మనవి. మూడో ప్రపంచ మహాసభ మా సందు చివర పెట్టండి. ప్రతినిధులు చాప మీద కూర్చోవాలి. హాజరు యాప్‌లో మొహం పడితేనే గుడ్డు. నెట్ రాకపోతే మధ్యాహ్నం దాకా ఎండలో నిలబడి ఫోను పైకెత్తి తిరగాలి. తీర్మానాలు సాయంత్రంలోగా పదమూడు రిజిస్టర్లలో చేత్తో రాయాలి.

మొన్న ఈ ఆలోచన చెబుదామనే టీచరమ్మ దగ్గరికి వెళ్లాను. ఒక పిల్లాడు తూకం తొట్టిలో కూర్చుని ఏడుస్తున్నాడు, ఇద్దరు ఆమె కొంగు లాగుతున్నారు, ఆమె ఫోను వైపే చూస్తోంది. జోమ్‌తియెన్ నుంచి తాష్కెంట్ దాకా మొత్తం చెప్పాను. ఓపిగ్గా విని విజిటర్స్ రిజిస్టర్ ముందుకు జరిపింది, 'వచ్చినోళ్లంతా రాయాల సామీ' అని. సూచనలు అనే గడిలో పెద్ద అక్షరాలతో 'కనీసం పది శాతం' అని రాశాను.

ఆమె రెండుసార్లు చదువుకుంది. 'పది శాతం ఏంది సామీ, మాకు మళ్లీ కోస్తారా?' అనింది.