మహారాజశ్రీ రిటర్న్ టికెట్టు గారికి

అయ్యా, కోనసీమ నుంచి ఒక నానమ్మ వ్రాయునది. ఉభయకుశలోపరి.

ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం నేను అడగక్కర్లేదు. మా అబ్బాయి పండక్కి ఇంట్లో కాలు పెట్టిన దగ్గర్నుంచీ గంటకోసారి ఫోన్ తీసి తమరెలా ఉన్నారో చూసుకుంటూనే ఉంటాడు. నా మోకాళ్ళ గురించి ఒక్కసారి అడిగాడు. అదీ నేను "అబ్బా" అంటూ చతికిలబడితే.

తమరిని నేనింతవరకూ కళ్ళారా చూడలేదండి. వెనకటికి అట్టముక్క టికెట్టు ఉండేది. మా ఆయన దాన్ని చొక్కా జేబులో వేసుకుని, దారంతా జేబు మీద చెయ్యి తియ్యకుండా కూర్చునేవారు. ఇప్పుడు తమరు ఫోన్‌లో మెసేజీ రూపంలో ఉంటారట. కంటికి కనబడకుండా ఇల్లంతా నడిపించేవాణ్ణి ఇన్నాళ్ళూ మేం దేవుడనుకుంటున్నాం.

పిల్లలకంటే తమరే ముందొస్తారన్న సంగతి నాకు కాస్త ఆలస్యంగా తెలిసింది. "అమ్మా, కనుమ రాత్రికి దొరికిందే!" అని కేకేస్తాడు ఫోన్‌లో. రావడానికా నాన్నా అంటే, కాదు, వెళ్ళడానికి. రావడం సంగతి తర్వాత చూసుకుంటారట. ఎప్పుడొస్తారో తెలియని మనుషులు ఎప్పుడెళ్తారో మాత్రం బెర్తు నెంబరుతో సహా ఖాయమైపోతుంది.

2023 వినాయక చవితి తమరికి గుర్తుందా? సెప్టెంబరు 18, సోమవారం. శని, ఆదివారాలు కలిసొచ్చాయని అబ్బాయీ కోడలూ మనవడూ వచ్చారు. అప్పట్లో రైలు రిజర్వేషన్ 120 రోజుల ముందు తెరిచేవారు. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే 2024 కనుమ, అంటే జనవరి 16 ప్రయాణానికి సరిగ్గా ఆ చవితి పొద్దున ఎనిమిదింటికి తలుపులు తెరుచుకున్నాయి. పూజ కూడా ఆ వేళకే కుదిరింది, కుదరక చస్తుందా. పీట మీద మా వాడు, ఒళ్ళో ఫోను. మా ఆయన కళ్ళజోడు సర్దుకుని వ్రతకల్పం చదువుతున్నారు.

"మాచీపత్రం పూజయామి" అన్నారాయన. వీడో రెమ్మ వేశాడు.

"బృహతీపత్రం పూజయామి."

"ఓటీపీ రాలేదు."

"బిల్వపత్రం పూజయామి."

"వెయిటింగ్ లిస్ట్ ఎనభై నాలుగు!"

ఇరవయ్యొక్క పత్రుల్లో మిగిలినవాటికి బదులు స్వామి మీద ఏం వేశాడో ఆ స్వామికే తెలియాలి. సాయంత్రం పత్రి తీస్తుంటే గరిక మధ్యలో చెవిలో పెట్టుకునే ఇయర్‌ఫోను ఒకటి దొరికింది. అయినా వాణ్ణొక్కణ్ణే అని లాభం లేదు. టికెట్టు దొరకాలని వాడు మొక్కుకున్నాడు. దొరక్కూడదని పక్కన కూర్చుని నేనూ మొక్కుకున్నాను. ఒకే దేవుడి ముందు ఒకే ఇంటి నుంచి రెండు ఎదురెదురు అర్జీలు. ఉండ్రాళ్ళు ఇద్దరివీ తిన్నాడు కాబట్టి ఆయన మధ్యేమార్గంగా వెయిటింగ్ లిస్టు ఇచ్చి ఊరుకున్నాడు.

ఆ వెయిటింగ్ లిస్టు మా పెద్దల దాకా పోయింది. సంక్రాంతి అంటే పెద్దల పండగ కదండీ. మా అత్తమామల పటాల ముందు కొత్తబట్టలు పెట్టి, పులగం, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం అన్నీ వడ్డించి దణ్ణం పెట్టుకుంటాం. ఆకు వేశాను. మా వాడు గుమ్మంలో నిలబడి, "పదింటికి తత్కాల్ అమ్మా, అది అయ్యాక పెట్టుకుందాం" అన్నాడు. మా మామగారు బతికున్న రోజుల్లో అన్నం పది నిమిషాలు ఆలస్యమైతే కంచం తోసేసి చేలోకి వెళ్ళిపోయిన మనిషి. అలాంటాయన ఆ రోజు తమరి కోసం పదీ పావు దాకా పటంలో కిక్కురుమనకుండా కూర్చున్నారు. తమరి పలుకుబడి నాకప్పుడు అర్థమైంది.

ఆ తర్వాత 2024 నవంబరు 1 నుంచి ఆ 120 రోజుల్ని 60 చేశారని పేపర్లో చదివి, పోనీలే వినాయకుడు బతికిపోయాడనుకున్నాను. కానీ 2025 కనుమ జనవరి 15న వచ్చింది. అరవై రోజులు వెనక్కి లెక్కపెట్టండి, నవంబరు 16. కార్తీక పౌర్ణమి మర్నాడు. నేను వెలిగించిన 365 వత్తుల మసి ఇంకా ప్రమిదకి అంటుకునే ఉంది, ఫోన్ మోగింది. "కన్ఫర్మ్ అయిందమ్మా!" ఉద్యోగం పర్మనెంటైన రోజు కూడా వాడి గొంతులో అంత సంతోషం వినలేదు. అరిసెలకి బియ్యం నానబొయ్యడానికి ఇంకా రెండు నెలలు ఉండగా వాళ్ళు వెళ్ళిపోవడం ఖాయమైపోయింది.

అరిసెలంటే గుర్తొచ్చింది. తమరికీ బెల్లం పాకానికీ ఒక పోలిక ఉంది, రెండూ ఎవరి కోసమూ ఆగవు. నీళ్ళలో చుక్క వేస్తే వేళ్ళ మధ్య మెత్తగా ఉండకట్టాలి. ఆ క్షణంలో పిండి పడాలి. అప్పుడు వీధిలో హరిదాసొచ్చినా, గంగిరెద్దొచ్చినా, గిన్నె దగ్గర్నుంచి లేవడానికి లేదు. ఒక్క నిమిషం అటు చూశామా, పాకం ముదిరి అరిసెలు కాస్తా అటక మీద పెట్టుకునే ఇటుకలౌతాయి. ఇంత కష్టపడి వండితే ఒకప్పుడు సాయంత్రానికల్లా పిల్లలు డబ్బా చుట్టూ చీమల్లా చేరేవారు. ఇప్పుడు, "ఇక్కడ ఒక్కటి చాలమ్మా, మిగతావి ప్యాక్ చేసెయ్" అంటారు. అంటే నేను పండక్కి వండటం లేదు, ప్రయాణానికి వండుతున్నాను. నూనె ఓడ్చి, ఒక రాత్రి ఆరనిచ్చి, పేపరు పరిచి, స్టీలు డబ్బాల్లో సర్ది, మూతకి ప్లాస్టరు చుట్టి ఇస్తాను.

ఇక్కడ తమరితో ఒక తగువుంది. ఇంట్లో అందరికీ తమరుంటారు, నా డబ్బాలకి మాత్రం ఎవరూ రిటర్న్ టికెట్టు తియ్యరేమండీ? పెళ్ళిలో మా పుట్టింటివాళ్ళు నా పేరు చెక్కించి ఇచ్చిన అయిదు డబ్బాల్లో ఇప్పుడింట్లో ఉన్నది ఒక్కటి. ఒకటి బెంగళూరులో మా అమ్మాయి బాల్కనీలో బట్టల సబ్బుపొడి పోసుకుని ఉందని వీడియో కాల్‌లో కనిపెట్టాను. పేరు గోడ వైపు తిప్పి పెట్టింది, దొంగపిల్ల.

అసలు నా ఫిర్యాదు కనుమ గురించి. కనుమ నాడు కాకి కూడా కదలదని సామెత. కాకి మాట నిలబెట్టుకుంటోంది. ఏటా మా పెరటి గోడ మీదే కూర్చుని, గారెల వాసన పీలుస్తూ, మా వాళ్ళు కారులో సామాన్లు సర్దుతుంటే తల వంకరగా పెట్టి చూస్తుంది.

పైగా మాకు కనుమంటే ప్రభల తీర్థం. జగ్గన్నతోటకి చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభల మీద వస్తారు. వెదురుతో కట్టిన ప్రభ, దానికి రంగురంగుల బట్టలు, కొత్త వరికంకులు, గంటలు. కుర్రాళ్ళు భుజాన వేసుకుని "అశరభ శరభ" అంటూ చేలకడ్డంపడి, కౌశికలో పీకల్లోతు నీళ్ళలో దిగి మరీ మోసుకొస్తారు. 2023లో ఢిల్లీ రిపబ్లిక్ డే పరేడ్‌కి మన రాష్ట్రం శకటంగా ఈ తీర్థమే వెళ్ళింది. మా అబ్బాయి హైదరాబాదులో టీవీ ముందు కూర్చుని, "అమ్మా, మన తీర్థం!" అని మురిసిపోతూ ఫోన్ చేశాడు. దానికి పది రోజుల ముందు అసలు తీర్థం జరుగుతుంటే వాడు రాజమండ్రి ప్లాట్‌ఫారం మీద పెట్టెలకి కాపలా కాస్తున్నాడు. తమరి దయ.

అందుకని 2025 కనుమకి ఏం జరిగిందో నిజం చెబుతాను, తమరు ఎవరితోనూ అనకండి. మా కోనసీమకి రైలు లేదు. కోటిపల్లి, నరసాపురం లైను పాతికేళ్ళ నుంచీ వస్తూనే ఉంది. కాబట్టి ఎంత రైలు టికెట్టయినా ముందు రావులపాలెం మీదుగా రాజమండ్రి దాకా కారులో పోవాలి. "తీర్థం ట్రాఫిక్ ఉంటుందేమో అమ్మా, రెండింటికే బయల్దేరదామా?" అని అడిగాడు. "ప్రభలు మూడింటికల్లా రోడ్డు దాటిపోతాయిరా, అయిదింటికి బయల్దేరినా చాలు, గారెలు తిని వెళ్ళండి" అన్నాను. మూడింటికి దాటవని నాకు తెలుసు. యాభై ఏళ్ళ నుంచి చూస్తున్నాను.

ఊరు దాటగానే ఇరుక్కున్నారు. వెళ్ళే ప్రభ కాదు, తిరిగొచ్చే ప్రభ. ముందు జనం, వెనక జనం, మధ్యలో తాటిచెట్టంత ప్రభ ఒక్కో అడుగే వేస్తోంది. హారన్ కొడితే వినే నాథుడు లేడు. మావాడు స్టీరింగు మీద తల ఆనించుకున్నాడు. మనవడు మాత్రం కారు దిగిపోయి, ప్రభ ఎదురుగా నోరు తెరుచుకుని నిలబడ్డాడట. ఆ రాత్రి రైలు తప్పిపోయి అందరూ మళ్ళీ ఇంటికొచ్చాక వాడు నన్ను అడిగిన మొదటి మాట: "నానమ్మా, దేవుడు కూడా ఒక్కరోజే ఉండి వెళ్ళిపోయాడేంటి? ఆయనకి కూడా రిటర్న్ టికెట్ ఉందా?"

నాకు నోట మాట రాలేదు. తమరు అక్కడ కూడా ఉన్నారన్నమాట.

టికెట్టు డబ్బులు గోదాట్లో కలిశాయి. మా ఆయన నా వంక అదోలా చూశారు. ఆయనకి అనుమానం వచ్చేసింది, ఎందుకంటే ఈ విద్య మా పుట్టింటిదని ఆయనకి తెలుసు. మా పుట్టిల్లు ద్రాక్షారామం వైపు. పెళ్ళైన కొత్తలో ఆషాఢానికి వెళ్ళాను. తిరిగి రావాలంటే కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరంలో దిగాలి. ఎర్రనీళ్ళు వచ్చాయి, పంటు ఆపేశారు. (1986 వరద సంగతి కాదండి, అది ఊళ్ళని ఏడిపించిన వరద, దాని మీద హాస్యం వద్దు. ఇది ఏటేటా వచ్చేదే.) ఆషాఢం అయిపోయింది. మా నాన్న రోజూ పొద్దున్నే రేవుకెళ్ళి చూసొచ్చి, "ఇంకా వరద తియ్యలేదమ్మా" అనేవారు. ఆ మాట అంటూ విచారంగా మొహం పెట్టాలని మాత్రం ఆయనకి తోచేది కాదు. అయిదో రోజున మా ఆయనే గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. పంటు నాలుగు రోజుల నుంచీ తిరుగుతోందట.

మరి దొంగిలించిన ఆ ఒక్కరోజు ఎలా గడిచిందంటారా? ముక్కనుమ, గురువారం. మా వాడు సిగ్నల్ కోసం నులకమంచం అరుగు మీదకి లాక్కుని, పైన చొక్కా, కింద లుంగీతో మీటింగులో కూర్చున్నాడు. పుంజు కూసిందని ఎవరో నవ్వితే దాన్ని గంప కింద పెట్టించాడు. కోడలు బస్సుల వేటలో పడింది, ఎవరో ప్రైవేటువాళ్ళు మూడు రెట్లు అడిగారు. మనవడూ వాళ్ళ తాతా కాలవగట్టు మీద ఎటో పోయారు, సుఖపడింది వాళ్ళిద్దరే. నేను పనసపొట్టు కూర చేసి, ఆవ పెట్టి, ఆకుల ముందు కూర్చున్నాను. ఎవరూ రారు. మధ్యాహ్నం రెండయ్యేసరికి, "బస్సు దొరికిందా నాన్నా?" అని అడిగింది ఎవరనుకుంటున్నారు? నేనే.

కాబట్టి తమరిని పూర్తిగా మానెయ్యమని అడగను. కనుమ ఒక్కరోజు సెలవు పుచ్చుకోండి. కాకి పక్కన గోడ మీద కూర్చోండి, గారెలు పెడతాను. కనీసం అబ్బాయి కంటే ముందు మాత్రం రాకండి. ముందు వాణ్ణి రానివ్వండి, చెప్పులు విప్పనివ్వండి, ఆ తర్వాత తమరు.

ఇట్లు,
తమరి రాకపోకలు కనిపెట్టుకుని ఉండే,
ఒక నానమ్మ

తా.క.: మొన్న దసరాకి నేనే హైదరాబాదు వెళ్ళాను. పన్నెండో అంతస్తు. కిటికీలోంచి చూస్తే ఎదురుగా ఇంకో పన్నెండో అంతస్తు. బయల్దేరకముందే మా ఆయన చేత నాలుగో రోజుకి తమరిని తీయించి పెట్టుకున్నాను. "ఇంకో రెండ్రోజులు ఉండవే అమ్మా" అన్నాడు మావాడు. కొబ్బరి దింపులున్నాయిరా, మీ నాన్న ఒక్కరూ చూసుకోలేరు అని చెప్పాను. దింపులు నెల కిందటే అయిపోయాయని తమరు వాడికి మెసేజీ పెట్టకండేం.